పేరా ఎక్కడ మొదలవ్వాలి, ఎక్కడ ముగియాలి? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలలో చాలావరకు ఒకే విషయాన్ని వేర్వేరు వైపుల నుంచి అడిగాయి. పరీక్షలో జవాబు రాసే విద్యార్థినికి, కలెక్టరేట్‌లో ఇవ్వడానికి వినతిపత్రం రాసే రైతుకు, పత్రికకు వ్యాసం పంపాలనుకునే ఉద్యోగికి కూడా ఇబ్బంది పేరా దగ్గరే వస్తున్నది. అందువల్ల ఆ ఉత్తరాలను ఒకచోట చేర్చి జవాబులు ఇస్తున్నాను. వారు పంపిన రాతలలో అవసరమైన భాగాన్ని ఇక్కడే ఇస్తున్నాను.

ప్రశ్న: నా జవాబులు రెండు మూడు పేజీల పాటు ఒకే పేరాగా సాగుతున్నాయని మా అధ్యాపకులు అంటున్నారు. విడగొట్టమన్నారని ఆరేడు పంక్తులకు ఒకసారి కొత్త పేరా మొదలుపెట్టాను. అది కూడా సరికాదన్నారు. పేరా ఎక్కడ ఆపాలో తెలిసేదెలా? (డిగ్రీ విద్యార్థిని, హనుమకొండ)

జవాబు: పంక్తులు లెక్కపెట్టి విడగొడితే పేజీ చూడడానికి బాగుంటుంది గాని, చదివేవారికి దానివల్ల కలిగే మేలు ఏమీ లేదు. చదువుతున్నవారి మనసులో ఎప్పుడూ ఏదో ఒక ప్రశ్న ఉంటుంది. ఆ ఒక్క ప్రశ్నకు పూర్తి జవాబు దొరికేదాకా సాగేది ఒక పేరా. జవాబు పూర్తి కాగానే వారికి సహజంగా మరో ప్రశ్న కలుగుతుంది. కొత్త పేరా మొదలు కావలసింది అక్కడే.

‘కాకతీయుల కాలంలో వ్యవసాయం’ గురించి మీరు రాస్తున్నారనుకుందాం. ఆ కాలంలో సాగు బాగా విస్తరించిందని మొదట చెప్పారు. వానలను నమ్ముకున్న ఈ మెట్ట ప్రాంతంలో అది ఎలా సాధ్యమైందన్నది వెంటనే కలిగే సందేహం. దానికి జవాబు చెరువులు. పాకాల, రామప్ప, లక్నవరం వంటి చెరువుల పేర్లు, గుట్టల నడుమ పారే వాగుకు అడ్డంగా కట్ట పోసిన తీరు, తూముల ద్వారా పొలాలకు నీరు వదిలిన పద్ధతి, ఇవన్నీ ఆ ఒక్క సందేహాన్నే తీరుస్తాయి కాబట్టి, ఎన్ని పంక్తులైనా సరే, ఒకే పేరాలో ఉండాలి. ఇంత పెద్ద పనులను ఎవరు చేయించారన్నది వేరే ప్రశ్న. రాజులే కాకుండా వారి కింది సేనానులు, సామంతులు కూడా చెరువులు కట్టించారని, రామప్ప చెరువును కట్టించిన రేచర్ల రుద్రుడు గణపతిదేవుని సేనాని అని చెప్పే వాక్యాలకు వేరే పేరా కావాలి. వాటిని మొదటి పేరాలోనే కలిపేస్తే, నీరు పొలానికి ఎలా చేరిందో తెలుసుకుంటున్న పాఠకుడు మధ్యలో రాజుల పేర్ల వైపు మళ్ళవలసి వస్తుంది.

మీరు చేయవలసిన పని చాలా చిన్నది. రాసిన ప్రతి పేరా పక్కన, మార్జిన్‌లో, అది ఏ ప్రశ్నకు జవాబో పెన్సిలుతో రాయండి. ఒక పేరా పక్కన రెండు ప్రశ్నలు రాయవలసి వస్తే దానిని విడగొట్టండి. వరుసగా రెండు పేరాల పక్కన ఒకే ప్రశ్న వస్తే వాటిని కలపండి. ఏ ప్రశ్నా రాయలేని పేరా కనిపిస్తే దానిని తీసేయడానికి వెనుకాడవద్దు.

ఇక్కడ మన పాత రాతల గురించి ఒక మాట చెప్పాలి. తాళపత్రాలలో పేరాలు లేవు సరికదా, పదాల మధ్య ఖాళీ కూడా ఉండేది కాదు. అయినా చదవగలిగారంటే, వాటిలో ఎక్కువ భాగం పద్యం కావడం అందుకు ఒక కారణం. కరీంనగర్ ప్రాంతంలోని కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద పదో శతాబ్దంలో జినవల్లభుడు చెక్కించిన కంద పద్యాలనే తీసుకోండి. రాతి మీద అక్షరాలు ఎడతెగకుండా సాగినా, గణాల లెక్క తెలిసినవారికి, ప్రతి పాదంలో రెండో అక్షరంగా తిరిగి వచ్చే ప్రాసను గుర్తుపట్టినవారికి, పాదం ఎక్కడ ముగిసిందో, పద్యం ఎక్కడ పూర్తయిందో తెలిసిపోతుంది. వచనంలో అటువంటి ఆసరా లేదు. అచ్చు పుస్తకాలతో పాటు వచనం పెరిగి, ఆ పని చేసే బాధ్యత పేరా మీద పడింది. అందుకే పేరాను పేజీ అలంకారంగా చూడవద్దని అంటున్నాను.

ప్రశ్న: ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతున్నాను. పేరా ఇంత పొడవు ఉండాలని పిల్లలకు ఒక కొలత చెప్పవచ్చునా? విషయం మొదటి వాక్యంలోనే చెప్పాలా? (ఉపాధ్యాయురాలు, జమ్మికుంట)

జవాబు: కొలత చెప్పకండి. చెబితే పిల్లలు విషయం వదిలి కొలతనే పూర్తిచేస్తారు. నాలుగు నుంచి ఎనిమిది వాక్యాల దాకా ఉండే పేరాలు సాధారణంగా ఇబ్బంది లేకుండా చదివిస్తాయి. ఫోనులో చదివేవారి కోసం రాసేటప్పుడు అంతకన్నా కొంచెం తగ్గించుకోవచ్చు. ఒకే వాక్యంతో పేరా కట్టడం తప్పు కాదు గాని, వ్యాసంలో అది ఒకటి రెండుసార్లకు మించితే దాని బలం పోతుంది.

మొదటి వాక్యం సంగతికి వస్తే, పరీక్ష జవాబులలో, నివేదికలలో, వినతిపత్రాలలో విషయం మొదటి వాక్యంలోనే ఉండాలి. అనుభవం చెప్పేటప్పుడు, కథనం రాసేటప్పుడు చివరికి వచ్చినా బాగుంటుంది. ఏ రాతలోనైనా పిల్లలు తప్పించుకోవలసినది మాత్రం ‘పూర్వకాలం నుంచి మానవుడు...’, ‘నేటి ఆధునిక యుగంలో...’ వంటి ప్రారంభాలు. ఏ వ్యాసానికి తగిలించినా అతికే వాక్యం ఆ వ్యాసానికి చెందినది కాదు. అటువంటి మొదటి వాక్యాన్ని కొట్టేయించి, రెండో వాక్యం నుంచి చదివించండి. చాలాసార్లు అసలు పేరా అక్కడే మొదలవుతుంది.

ప్రశ్న: రామప్ప గుడి గురించి వ్యాసం రాస్తున్నాను. వివరాలన్నీ సరిచూసుకున్నాను. అయినా చదివినవారు ‘సమాచారం ఉంది గాని ఏమీ గుర్తుండడం లేదు’ అన్నారు. ఒక పేరా పంపుతున్నాను. ‘రామప్ప గుడి ములుగు జిల్లా పాలంపేటలో ఉంది. దీనిని 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడు. ఈ గుడికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా లభించింది. గోపురానికి వాడిన ఇటుకలు నీటిలో తేలుతాయి. పక్కనే రామప్ప చెరువు ఉంది. మదనికల శిల్పాలు ఎంతో అందమైనవి. పునాదిలో ఇసుక నింపారు. ప్రతి ఒక్కరూ తప్పక చూడవలసిన గుడి ఇది.’ (ఉద్యోగి, భూపాలపల్లి)

జవాబు: మీ వాక్యాలలో తప్పు లేదు. ఒక్కొక్కటీ చిన్నది, స్పష్టమైనది. అయితే ఏ వాక్యమూ మరో వాక్యానికి సాయం చేయడం లేదు. మూడో వాక్యాన్ని ఆరోదానితో మార్చి చూడండి. పేరాకు ఏమీ కాదు. వాక్యాలను అటూ ఇటూ మార్చినా పేరా చెడకపోతే, అందులో ఇంకా వరుస ఏర్పడలేదని గుర్తించాలి.

మీరు సేకరించిన వివరాలలో రెండు పక్కపక్కన నిలబడడానికి ఎదురుచూస్తున్నాయి. ఒకటి పునాదిలోని ఇసుక, రెండోది శిఖరంలోని తేలిక ఇటుక. మీరు వాటి మధ్య చెరువును, శిల్పాలను పెట్టి విడదీశారు. ఆ రెండింటినీ కలిపేది బరువు. రాతి గుడిని కట్టినవారు బరువును ఎలా మోయించారన్న ప్రశ్నను పట్టుకుంటే మీ పేరా ఇలా మారుతుంది:

‘రామప్ప గుడిని కట్టినవారు బరువు గురించి పునాది నుంచి శిఖరం దాకా ఆలోచించారు. గుడి అడుగున పునాది గుంటను ఇసుకతో నింపి, దాని మీద రాతి కట్టడాన్ని నిలిపారు. నేల కదిలినప్పుడు ఆ అదురును ఇసుక కొంతవరకు తనలో ఇముడ్చుకుంటుంది. గోడలకు, స్తంభాలకు, దూలాలకు రాయి వాడినవారు శిఖరానికి వచ్చేసరికి రాయిని వదిలి, నీటిలో వేస్తే తేలేటంత తేలికైన ఇటుకలను ఎంచుకున్నారు. పైభాగం అలా తేలిక కావడం వల్ల కింది స్తంభాల మీద, వాటిని మోసే పునాది మీద పడే భారం తగ్గింది.’

ఈ పేరాలో 1213 లేదు, యునెస్కో లేదు, మదనికలు లేవు. వాటిని పారవేయమని చెప్పడం లేదు. గుడిని ఎవరు, ఎప్పుడు కట్టించారన్నది దీనికి ముందు పేరాలో రావాలి. స్తంభాల పైనుంచి ముందుకు వంగి నిలిచిన మదనికలకు వేరే పేరా ఇవ్వండి. ‘ఎంతో అందమైనవి’ అని తీర్పు చెప్పి వదలకుండా, నల్లని గట్టి రాతిలో నగల సన్నని పనితనం ఎలా వచ్చిందో, నిలుచున్న భంగిమ ఎలా ఉందో రెండు వాక్యాలలో చూపితే అందం పాఠకునికే తెలుస్తుంది. యునెస్కో హోదా వ్యాసం చివర, ఆ హోదా ఎందుకు దక్కిందో పాఠకునికి అర్థమయ్యాక వస్తే దానికి విలువ. ‘తప్పక చూడవలసిన గుడి’ అన్న వాక్యం ఇక అవసరం ఉండదు.

సేకరించినదంతా పెట్టాలన్న కోరిక సహజమే. ఎంతో శ్రమపడి తెలుసుకున్న వివరాన్ని పక్కన పెట్టడం కష్టంగా ఉంటుంది. అయినా పేరాను గట్టిపరిచేది ఆ పని ఒక్కటే.

ప్రశ్న: నా వాక్యాలు విడివిడిగా బాగుంటాయి, కలిపితే అతకవు. ‘కాగా’, ‘అయితే’, ‘మరోవైపు’, ‘ఇదిలా ఉండగా’ అని చేర్చినా లాభం లేకపోయింది. ఏం చేయాలి? (పాఠకుడు, కరీంనగర్)

జవాబు: ఇది ఈసారి వచ్చిన ప్రశ్నలలో అన్నిటికన్నా లోతైనది. దీనికి జవాబు తెలుగు వాక్యం తీరులోనే ఉంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

తెలుగులో క్రియ సాధారణంగా వాక్యం చివర వస్తుంది. మిగిలిన పదాలను విభక్తి ప్రత్యయాలు నిలబెడతాయి కాబట్టి వాటి చోటు మార్చుకునే స్వేచ్ఛ మనకు ఉంది. ఆ స్వేచ్ఛ ఊరికే వచ్చినది కాదు, దానికి అర్థం ఉంది. వాక్యం మొదట ఉన్న మాట పాఠకునికి ఇప్పటికే తెలిసిన విషయాన్ని అందుకుంటుంది. క్రియకు సరిగ్గా ముందున్న మాట మీద ఊనిక పడుతుంది. కొత్త సంగతి అక్కడ కూర్చుంటుంది. ఈ మూడు వాక్యాలను పైకి చదివి చూడండి.

‘వేయిస్తంభాల గుడిని 1163లో రుద్రదేవుడు కట్టించాడు.’

‘రుద్రదేవుడు 1163లో వేయిస్తంభాల గుడిని కట్టించాడు.’

‘రుద్రదేవుడు వేయిస్తంభాల గుడిని 1163లో కట్టించాడు.’

మూడింటిలోనూ అవే మాటలు, అదే సమాచారం. కాని మొదటిది ఎవరు కట్టించారన్న ప్రశ్నకు, రెండోది ఏం కట్టించాడన్న ప్రశ్నకు, మూడోది ఎప్పుడు కట్టించాడన్న ప్రశ్నకు జవాబు. అందువల్ల వాటి తర్వాత రావలసిన వాక్యాలు కూడా వేరు. మొదటిదాని తర్వాత రుద్రదేవుని గురించి చెప్పాలి. రెండోదాని తర్వాత ‘ఆ గుడిలో శివునికి, విష్ణువుకు, సూర్యునికి మూడు గర్భాలయాలు ఉన్నాయి’ అని గుడి గురించి సాగవచ్చు. మూడోదాని తర్వాత ‘ఆ సంవత్సరమే వేయించిన హనుమకొండ శాసనం కాకతీయుల స్వతంత్ర పాలనను చాటింది’ అంటే అతుకుతుంది. ఇప్పుడు మూడో వాక్యం తర్వాత మూడు గర్భాలయాల వాక్యాన్ని పెట్టి చదవండి. తప్పు ఎక్కడా కనబడదు, కాని మనసు ఒక్క క్షణం తడబడుతుంది, ఎందుకంటే 1163 మీద ఊనిక పెట్టి దానిని మధ్యలో వదిలేశాం.

మీ వాక్యాలు అతకకపోవడానికి కారణం బహుశా ఇదే. ఒక వాక్యం చివర, క్రియకు ముందు, ఏ మాటను నిలిపారో చూసుకుని, తర్వాతి వాక్యాన్ని ఆ మాట నుంచి మొదలుపెట్టండి. మగ్గం మీద నేసేవారు తెగిన పోగు కొసను వెతికి దానికే కొత్త పోగును ముడివేసినట్టు, ఒక వాక్యం వదిలిన చోటనే రెండోది అందుకోవాలి. అలా అందుకున్నప్పుడు మధ్యలో ఏ సంధాన పదమూ అవసరం పడదు.

అంతమాత్రాన ఆ పదాలు పనికిరావని కాదు. ‘అయితే’ చదువరి ఊహకు ఎదురు చెబుతుంది. ‘అందువల్ల’ ఫలితాన్ని చూపుతుంది. ‘పైగా’ అదే వైపు మరికొంత బరువు పెడుతుంది. ‘ఇక’ విషయం మారుతున్నదని హెచ్చరిస్తుంది. ఒకదాని స్థానంలో మరొకదాన్ని పెడితే అర్థం మారిపోవాలి. మీరు రాసిన ‘కాగా’ను తీసి ‘అయితే’ పెట్టినా, రెండూ తీసేసినా అర్థం మారకపోతే, అక్కడ ఆ మాట ఏ పనీ చేయడం లేదు. వార్తలలో ప్రతి పేరాకు ముందు కనిపించే ‘కాగా’, ‘ఇదిలా ఉండగా’ చాలావరకు ఇటువంటివే.

సర్వనామాల దగ్గర కూడా అతుకు ఊడిపోతుంది. ‘ఎనుమాముల మార్కెట్‌లో అడ్తిదారులు మిర్చి రైతులతో మాట్లాడారు. వారు ఆ ధర గిట్టుబాటు కాదన్నారు’ అని రాస్తే, వారు అంటే ఎవరు? రాసినవారికి తెలుసు, చదివేవారు ఊహించుకోవాలి. ‘రైతులు ఆ ధర గిట్టుబాటు కాదన్నారు’ అని మాటను తిరిగి రాయడానికి సంకోచించకండి. ఒకే మాట రెండుసార్లు వస్తే శైలి చెడుతుందని బడిలో నేర్చుకున్న భయం వల్ల, చాలామంది అర్థాన్ని చెడగొట్టుకుంటున్నారు. అలాగే ‘దీనివల్ల’, ‘దాంతో’ అన్నచోట, వీలైతే, ‘ఈ ధర వల్ల’, ‘ఈ వాన వల్ల’ అని పేరు పెట్టి చెప్పండి.

ప్రశ్న: మా ఊరి రైతుల తరఫున సోమవారం ప్రజావాణిలో ఇవ్వడానికి వినతిపత్రం రాశాను. ఇంతకు ముందు ఇచ్చినవాటికి స్పందన రాలేదు. రాత వల్లనేమో అనిపిస్తున్నది. ‘మా గ్రామ చెరువుకు నీరు తెచ్చే కాలువకు గత వానాకాలంలో గండి పడి నీరు వృథాగా పోతూ చెరువు నిండక ఆయకట్టు కింద నాట్లు వేయలేక రైతులు తీవ్రంగా నష్టపోతుండగా పలుమార్లు అధికారుల దృష్టికి తీసుకువెళ్ళినా ఫలితం లేకపోవడంతో రైతులమే చందాలు వేసుకుని మట్టి పోయించినా మళ్ళీ కొట్టుకుపోయినందున తమరు విచారించి తగు చర్యలు తీసుకోగలరని ప్రార్థన.’ దీనిని సరిచేయగలరా? (రైతు, నర్సంపేట)

జవాబు: స్పందన రాకపోవడానికి రాత ఒక్కటే కారణమని అనలేను. కాని స్పందించాలనుకున్న అధికారికి కూడా ఈ రాత అడ్డం వస్తుందన్నది నిజం, అందువల్ల దీనిని బాగుచేద్దాం.

మీరు రాసినదంతా ఒకే వాక్యం. పడి, పోతూ, నిండక, వేయలేక, నష్టపోతుండగా, తీసుకువెళ్ళినా, వేసుకుని, పోయించినా, ఇవన్నీ అసమాపక క్రియలు. వీటిని ఎన్నింటినైనా వరుసగా పేర్చి, చివరన ఒక్క సమాపక క్రియతో ముగించే వీలు తెలుగుకు ఉంది. నోటితో చెప్పేటప్పుడు ఇది గొప్ప బలం. ఒగ్గు కథ చెప్పేవారు క్రియ మీద క్రియ కలుపుకుంటూ పోతారు. డోలు దెబ్బ, పక్కవారి వంత, గొంతు ఎత్తి దించడం వినేవారికి ఆగే చోటును చూపుతాయి. కాగితం మీద ఆ సాయం లేదు. అధికారి చివరి మాట చేరేదాకా మీరు ఏం కోరుతున్నారో తెలియదు. అక్కడికి చేరాక దొరికేది కూడా ‘తగు చర్యలు’ మాత్రమే.

కర్తల సంగతి కూడా చూడండి. ‘వాన పడి చెరువు నిండింది’ అన్నప్పుడు ఒకటి మరొకదానికి కారణం కాబట్టి కర్తలు వేరైనా చెల్లుతుంది. మీ వాక్యంలో గండి, నీరు, చెరువు, రైతులు, అధికారులు, మట్టి, తమరు అంటూ పని చేసేవారు మారిపోతూ ఉన్నారు. దృష్టికి తీసుకువెళ్ళింది ఎవరు, కొట్టుకుపోయింది ఏది అని ప్రతిచోటా వెతుక్కోవాలి. కర్త మారినచోట వాక్యాన్ని ముగించడం మంచి అలవాటు.

వినతిపత్రం చదివే అధికారికి కలిగే ప్రశ్నలు మూడు: వీరికి ఏం కావాలి, ఏం జరిగింది, ఇప్పటివరకు ఏం చేశారు. మూడు పేరాలు చాలు.

‘మా గ్రామ చెరువుకు నీరు తెచ్చే కాలువకు పడిన గండిని ఈ సంవత్సరం నాట్లకు ముందే కాంక్రీటు గోడతో పూడ్పించవలసిందిగా కోరుతున్నాము. గండి కాలువ ఎడమ గట్టుకు, ఊరి శివారులో ఉన్న కల్వర్టు దగ్గర పడింది.

గత వానాకాలంలో వచ్చిన వరదకు గట్టు తెగింది. కాలువ నీరు ఆ గండిలోంచి వాగులోకి పోవడం వల్ల చెరువు నిండలేదు. చెరువు నిండనందున ఆయకట్టు రైతులు నాట్లు వేయలేకపోయారు.

ఈ విషయాన్ని ఇంతకు ముందు రాతపూర్వకంగా తెలియజేశాము. ఆ వినతిపత్రాల నకళ్ళు జతచేస్తున్నాము. రైతులమే చందాలు వేసుకుని గండిలో మట్టి పోయించాము. తర్వాత వచ్చిన వరదకు ఆ మట్టి కొట్టుకుపోయింది. మట్టితో ఈ గండి నిలవనందున కాంక్రీటు గోడ కోరుతున్నాము.’

ఎడమ గట్టు, కల్వర్టు అన్నవి నేను ఊహించి పెట్టినవి. అక్కడ మీ ఊరి గుర్తులు రాయండి. ఎన్ని ఎకరాలకు నాట్లు పడలేదో, ఏ తేదీన ఏ కార్యాలయంలో వినతిపత్రం ఇచ్చారో కలపండి. ‘తీవ్రంగా నష్టపోయారు’ అన్నదాని కన్నా ఎకరాల లెక్క ఎక్కువ మాట్లాడుతుంది. మర్యాద కోసం ‘తమరు’, ‘ప్రార్థన’ ఉంచుకోవచ్చు, అందులో తప్పు లేదు. అసలు కోరిక మాత్రం మొదటి పేరా మొదటి వాక్యంలో ఉండాలి.

ప్రశ్న: ఇంట్లో మాట్లాడే తెలంగాణ భాషలోనే పేరాలు రాయవచ్చునా, లేక పత్రికల భాషలోనే రాయాలా? (పాఠకురాలు, మంచిర్యాల)

జవాబు: నిస్సందేహంగా రాయవచ్చు. జనం పలికే భాషకు రాతలో గౌరవం ఉండాలని జీవితమంతా పట్టుబట్టిన కాళోజీ నారాయణరావు మన వరంగల్ ప్రాంతంలో పెరిగినవారు. ఆయన పుట్టిన రోజైన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ‘చెరువు మత్తడి దుంకింది’ అన్నప్పుడు మనవారి కళ్ళకు కట్టేది ‘చెరువు నిండి పొర్లింది’ అంటే కట్టదు. అటువంటి మాటలను పత్రికల భాషలో రాసే పేరాలోకి కూడా ధైర్యంగా తీసుకోండి.

జాగ్రత్త పడవలసింది క్రియారూపాల దగ్గర. ఒక పేరాలో ‘వచ్చిండు’ అని మొదలుపెట్టి, రెండు వాక్యాల తర్వాత ‘వెళ్ళాడు’ అంటే, మాట్లాడే మనిషి మారాడేమోనని పాఠకుడు ఆగిపోతాడు. పేరా అంతా ఒకే గొంతుతో సాగాలి. వ్యాసమంతా మీ ఇంటి భాషలో రాయండి, లేదా కథనాన్ని ఒక తీరులో రాసి, మనుషుల మాటలను ఉద్ధరణ చిహ్నాల మధ్య వారి పలుకుబడిలోనే ఉంచండి. రెండూ మంచి పద్ధతులే.

ప్రశ్న: ఫోనులో మాట్లాడి టైపు చేస్తాను. రాత అంతా ఆగకుండా ఒకే ముద్దగా వస్తున్నది. (సింగరేణి ఉద్యోగి, గోదావరిఖని)

జవాబు: మొత్తం వ్యాసాన్ని ఒకేసారి చెప్పకండి. ఒక ప్రశ్నను కాగితం మీద రాసుకుని, దానికి జవాబు మాత్రమే చెప్పి, ఫోను పక్కన పెట్టండి. అది ఒక పేరా. తర్వాత దానిని చదువుతూ సమాపక క్రియ వచ్చిన ప్రతిచోటా చుక్క పెట్టండి. మాటలో దొర్లే ‘అంటే’, ‘మరి’, ‘అన్నట్టు’ తీసేయండి. చెబుతూ చెబుతూ అసలు మాటను చివర చెప్పే అలవాటు మనందరికీ ఉంది కాబట్టి, చివరి వాక్యాన్ని మొదటికి తెచ్చి చదవండి. చాలాసార్లు పేరా దానంతట అదే కుదురుకుంటుంది.

ప్రశ్న: గ్రూప్-1 మెయిన్స్‌కు తెలుగు మాధ్యమంలో సిద్ధమవుతున్నాను. జనరల్ ఎస్సే పేపరులో ఇంత ఆలోచించి పేరాలు కట్టే సమయం ఎక్కడ ఉంటుంది? (అభ్యర్థి, వరంగల్)

జవాబు: మూడు గంటలలో మూడు వ్యాసాలు రాయాలి కాబట్టి ఒక్కోదానికి గంట. ఆ గంటలో మొదటి పది నిమిషాలు జవాబు పత్రంలో ఏమీ రాయవద్దని నా సలహా. చిత్తు పనికి ఇచ్చిన చోట, ఆ అంశం గురించి చదివేవారు అడగగల ప్రశ్నలను రాసుకోండి. చెరువుల పునరుద్ధరణ గురించి అనుకుంటే, చెరువులు ఎందుకు పాడయ్యాయి, 2015లో మొదలైన మిషన్ కాకతీయ వాటికి ఏం చేసింది, పూడిక తీసినంత మాత్రాన చాలునా, కాలువల సంగతి ఏమిటి, తర్వాత నిర్వహణ ఎవరిది అన్న వరుస వస్తుంది. ఒక్కొక్క ప్రశ్నకు జవాబును ఒక్క వాక్యంలో రాసుకోండి. ఆ వాక్యాలే మీ పేరాల మొదటి వాక్యాలు. ఇక మిగిలేది ఒక్కొక్కదాని కింద కారణాన్ని, ఉదాహరణను, మీ అభిప్రాయాన్ని చేర్చడమే.

సాధన చేసేటప్పుడు పూర్తి వ్యాసాలు రోజూ రాయనవసరం లేదు. రోజుకు ఒక అంశం తీసుకుని, ఈ మొదటి వాక్యాల వరుసను మాత్రమే రాయండి. రాసిన వరుసను మరొకరికి చదివి వినిపించండి. వాక్యాల మధ్య వివరాలు లేకపోయినా వాదం వారికి అర్థమైతే వరుస కుదిరినట్టు. అర్థం కాక ఎక్కడ ఆపి అడిగారో, అక్కడ ఒక పేరా తగ్గింది. పరీక్షలో సమయం మించిపోయి చివరి రెండు పేరాలు పూర్తిచేయలేని స్థితి వస్తే, వాటిలో ఒకదాన్ని వివరంగా రాసి రెండోదాన్ని వదిలేయకండి. చిత్తులో ఉన్న ఆ రెండు మొదటి వాక్యాలనూ, ఒక్కొక్కదానికి ఒక కారణంతో, జవాబు పత్రంలో ఎక్కించండి.